‘లేదు’ అనని ఆఫీసులో త్సూజాగె

జర్మన్ భాషలో మాట ఇవ్వడానికి ముఖ్యంగా రెండు పదాలున్నాయి. ఒకటి ఫెర్‌ష్‌ప్రెహెన్. తల్లి బిడ్డకు ఇచ్చే మాట, ప్రేమించినవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకునే మాట. అది తప్పితే ఏడుస్తారు, అలుగుతారు, కొన్నాళ్లకు మళ్లీ కలుస్తారు. రెండోది త్సూజాగె. ఎక్కువగా పనుల్లో వినిపించే మాట ఇది. వస్తానని, ఇస్తానని, ఉద్యోగంలోకి తీసుకున్నామని ఖాయంగా ఒప్పుకోవడం. త్సూజాగె విన్న మనిషి ఆ గంట నుంచే దాన్ని నమ్ముకుని తన పనులు సర్దుకుంటాడు. ఇంకో చోటికి పోయి అడగడం మానేస్తాడు. దాని బలంతో తను ఇంకొకరికి మాట ఇస్తాడు. కాబట్టి ఇది తప్పినప్పుడు తగాదా ఇద్దరి మధ్యే ఉండిపోదు.

నేనిప్పుడు తమిళనాడులోని హోసూరులో నర్సులకు జర్మన్ నేర్పిస్తున్నాను. ఈ రెండింటికీ తేడా ఏమిటక్కా అని ప్రతి బ్యాచిలో ఎవరో ఒకరు అడుగుతారు. పుస్తకంలో ఉన్నంత చెప్పి బోర్డు తుడిచేస్తాను. ఆ రెండో మాటతో నేనొక మనిషి మీద పగ తీర్చుకున్నానని క్లాసులో చెప్పలేను కదా. ఇక్కడ చెబుతున్నాను. నేను పశ్చాత్తాపపడతానని ఎదురుచూసేవాళ్లు కొంచెం ఓపిక పట్టాలి. నాకే అది ఆలస్యంగా వచ్చింది, వచ్చింది కూడా సగమే.

ఆ మనిషి మా ఓనరు. బర్గూరు దగ్గర నల్లరాయి కోసి పాలిష్ పట్టే యూనిట్ ఆయనది. మా రాయి ఎక్కువగా జర్మనీకి పోతుంది, సమాధుల మీద నిలబెట్టడానికి. నేను అక్కడ ఆఫీసు పని చూసేదాన్ని. ఈమెయిళ్లు రాయడం, ఏ రోజు ఏ మెషిన్ మీద ఎవరి రాయి ఉండాలో బోర్డు మీద రాయడం నా పనులు. ఓనరుది కృష్ణగిరిలో తాతల నాటి నుంచి అంగడి పెట్టుకున్న వర్తకుల ఇల్లు. అలాంటి ఇళ్లలో ఒక ఆచారం ఉంది. అంగట్లో కూర్చుని ‘లేదు’ అనే మాట నోట రానివ్వరు. బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటారు. సరుకు అసలే లేకపోతే ‘రేపొస్తాది’ అంటారు. లేదంటే లక్ష్మి గడప దిగిపోతుందట. మా ఓనరు బెల్లం, పప్పులు వదిలేసి రాతి వ్యాపారంలోకి వచ్చాడు గానీ ఆ నోటిని మాత్రం అంగట్లో ఉన్నట్టే తెచ్చుకున్నాడు. ఎవరేమడిగినా అయితాది, ఇచ్చేస్తాం, చూద్దాం లే. మా ఊళ్లవాళ్లకు ఇబ్బంది లేదు. ‘చూద్దాం లే’ అంటే ఇక చూడడని చిన్నపిల్లలకు కూడా తెలుసు. జర్మన్లకు తెలియదు. అవునంటే అవుననే రాసుకుంటారు.

అందుకని ఆ ఆఫీసులో నా అసలు ఉద్యోగం, ఎవరూ పేరు పెట్టనిది, ఒకటుండేది. ఆయన నోట రాని ‘లేదు’ను ఆయన తరఫున నేను చెప్పడం. ఆయన ‘వారంలో పంపిస్తాం’ అంటే నేను ‘ప్రయత్నిస్తాం, మీరు మాత్రం నెల అనుకోండి’ అని తిప్పి చెప్పేదాన్ని. మొదట్లో ఇంగ్లీషులో, తర్వాత జర్మన్‌లో. నాలుగేళ్లు అలా నడిచింది. జర్మనీలో ఆయనకు నిజాయితీపరుడని పేరొచ్చింది. ఆ పేరు నేను తెచ్చి పెట్టిందే.

జర్మన్ నేర్చుకోమన్నది కూడా ఆయనే. ఒక ఆయుధపూజ రోజు, మెషిన్లకు పసుపూ కుంకుమా పెట్టి, పెద్ద కోత మెషిన్ ముందు పళ్లెంలో కర్పూరం వెలుగుతుండగా, పనివాళ్లందరి ముందూ అన్నాడు. “ఈయమ్మ జర్మన్ నేర్చుకొంటాది. పరీక్ష పాసైనాక ఈయమ్మనే జర్మనీకి పంపిస్తా. ఆరు నెలలు ఆడ మన కస్టమరు యార్డులో ఉండి డిజైన్ పని నేర్చుకొని వస్తాది.” నేను అడగలేదు. అడిగి ఉంటే ఇంత మండేది కాదేమో. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతిలో బొరుగుల పొట్లం పెట్టి, “బాగా చదువుకోమ్మా” అన్నాడు.

చదువుకున్నాను. రెండేళ్లపాటు ప్రతి ఆదివారం కృష్ణగిరిలో బస్సెక్కి హోసూరు పోయేదాన్ని. నర్సు పిల్లల మధ్య కూర్చుని ఆ భాషలోని ఆడా మగా కాని మూడో లింగంతో కుస్తీ పట్టాను. జర్మన్‌లో బి వన్ స్థాయి పరీక్ష పాసయ్యాను. అత్తిముగంలో మా నాన్నకు టమాటా, క్యాబేజీ తోట ఉంది. మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. కల్లావి నుంచి నాకొక సంబంధం వచ్చింది, మంచి మనుషులే. “మా పాప జర్మనీకి పోయి రావాలప్పా, ఒక ఏడాది ఆగండి” అని వాళ్లకు మాటిచ్చాడు. ఓనరు మాట నమ్ముకుని ఇచ్చిన మాట అది. వాళ్లు ఏడాది ఆగారు.

ఏడాది తర్వాత జర్మనీ యార్డు నుంచి ఆహ్వాన పత్రం కోసం ఈమెయిల్ వచ్చింది. పంపే మనిషి పేరు, పాస్‌పోర్టు నంబరు రాయమన్నారు. ఓనరు నా టేబుల్ మీద ఒక పాస్‌పోర్టు పెట్టాడు. తెరిచి చూస్తే ఆయన అల్లుడిది. ఆ అల్లుడికి జర్మన్‌లో నమస్కారం కూడా రాదు. నంబరు నా చేత్తోనే టైప్ చేశాను. ఒక అంకె తప్పు కొట్టి, మళ్లీ దిద్దాను. పంపించాక లోపలికి పోయి అడిగాను.

“అన్నా, నన్ను పంపిస్తామని చెప్పింటిరి కదా?”

“నిన్ను పంపనని ఎవురు చెప్పినారమ్మా? వచ్చే తూరి చూద్దాం లే.”

చూడండి, అప్పుడు కూడా లేదనలేదు. ఒక్కసారి లేదని ఉంటే తిట్టుకుని, ఏడ్చి, వేరే దారి వెతుక్కునేదాన్ని. ఆ ‘చూద్దాం లే’ నా ఒంట్లో ముల్లులా దిగింది. కల్లావి వాళ్లు ఇంకో ఇంట్లో పిల్లను చూసుకున్నారు. పెళ్లికొడుకు చేజారినందుకు నేను ఏడవలేదు, ఆయన ముఖం కూడా నాకు సరిగ్గా గుర్తులేదు. శూలగిరి మార్కెట్లో టమాటా బుట్టలు దించుతుంటే “మీ పాప జర్మనీకి ఎప్పుడు పోతాదప్పా?” అని నలుగురూ అడుగుతున్నారని మా నాన్న ఆ మార్కెట్ మానేసి, హోసూరు దాకా పోయి అమ్ముకోవడం మొదలుపెట్టాడు. అది మాత్రం నేను క్షమించలేదు. ఇవాళ్టికీ క్షమించలేదు.

అల్లుడు ఆరు నెలలు తిరిగి, మందపాటి కోటు ఒకటి తొడుక్కుని, మే నెల ఎండలో వచ్చాడు. అందరికీ చాక్లెట్లు పంచాడు. నాకూ ఒకటిచ్చాడు. “తిను సిస్టర్, ఆడ చానా ఫేమస్” అన్నాడు. సొరుగులో పడేశాను. చీమలు తిన్నాయి.

జూన్‌లో ఆ యార్డు యజమానురాలు వచ్చింది. అరవై దాటిన మనిషి, పొట్టి జుట్టు, దుమ్ములో తిరగడానికి పనికొచ్చే బూట్లు. మా పనివాళ్లు ఆమెను దొరసానమ్మ అనేవాళ్లు. ఏడాదికోసారి వచ్చి ప్రతి రాయినీ అరచేత్తో తడిమి చూసుకుని పోయేది. ఆ రోజు ఇరవై రెండు సమాధి రాళ్ల జాబితా తెచ్చింది. ఒక్కో రాయి పక్కన చనిపోయిన మనిషి పేరు. నవంబరులో వాళ్లకొక ఆదివారం ఉంటుంది, చనిపోయినవాళ్లను తలుచుకునే రోజు. ఆ రోజు ఇంటిల్లిపాదీ శ్మశానానికి పోయి దీపాలు పెడతారు. అప్పటికి రాళ్లు నిలబెట్టి ఉండాలి. అది దాటితే నేల గడ్డకడుతుంది, ఇక వసంతం దాకా పని సాగదు. ఓడలో పోయే రోజులు కలుపుకుంటే కంటైనర్ సెప్టెంబరు రెండో వారంలో బర్గూరు దాటాలి.

“సాధ్యమేనా అని అడగండి. సాధ్యం కాకపోతే ఫర్వాలేదు. ఇంకొకరు ఉన్నారు, వాళ్లకు ఇస్తాను,” అంది ఆమె.

ఉన్నదున్నట్టు ఓనరుకు తెలుగులో చెప్పాను. ఆయన నవ్వాడు. “ఇచ్చేస్తామని చెప్పమ్మా. అదేమంత పెద్ద పని!”

సాధ్యం కాదని నాకు తెలుసు. మెషిన్ల బోర్డు రాసేది నేనే. ఆగస్టు చివరి దాకా పాలిష్ మెషిన్ ఇంకో కస్టమరుకు ఒప్పుకుని ఉన్నాడు. పైగా జూలై మధ్యలో తమిళుల ఆడి నెల వస్తుంది. గంగమ్మ పండగలకని పనివాళ్లు సగం మంది ఊళ్లకు పోతారు, రెండు వారాలు యూనిట్లో ఈగలు తోలుకోవడమే. వేరే ఏ రోజైనా అయితే నేను మామూలుగా ‘ప్రయత్నిస్తామంటున్నారు, మీరు మాత్రం నమ్ముకోకండి’ అని చెప్పి ఆమెనూ ఈయననూ కాపాడేదాన్ని.

“నిజంగానే చెప్పేదా అన్నా?” అని అడిగాను.

“చెప్పు చెప్పు.”

ఆమె వైపు తిరిగి, తప్పులేని ఉచ్చారణతో అన్నాను. “దాస్ ఇస్ట్ ఐనె త్సూజాగె.” ఇది త్సూజాగె అని.

ఆమె కళ్లద్దాలు తీసింది. నాలుగేళ్లలో ఆ ఆఫీసు నుంచి ఆ మాట ఆమె వినలేదు, నేను ఎప్పుడూ వాడలేదు. “త్సూజాగెనా? ఖాయంగా?” అని అడిగింది. ఖాయంగా అన్నాను. జాబితాలో ఇరవై రెండు పేర్ల పక్కనా ఒక్కో టిక్కు పెట్టుకుంది. ఆ తర్వాత అక్కడే కూర్చుని ఆ ఇంకొకరికి ఫోన్ చేసి, అవసరం లేదని చెప్పేసింది. అబ్‌జాగె అంటారు దాన్ని, మర్యాదగా వద్దని చెప్పడం. వాళ్లకు దానికి కూడా ఒక మాట ఉంది.

ఓనరు ఆమెకు కొబ్బరి నీళ్లు తెప్పించాడు. నాకూ ఒక బొండం ఇచ్చాడు. తాగాను. అంత తియ్యని నీళ్లు నేను అంతకు ముందు తాగలేదు. నేను చేసిన తప్పేమిటి? ఆయన అన్న మాటను అన్నట్టే అనువదించాను. ఒక్క అక్షరం కలపలేదు. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అంటారు, నేనైతే చెప్పు కూడా ఎత్తలేదు, కుక్క తోకను కుక్క నోటికే అందించాను.

జూలై సగం గడిచింది. ఆడి వచ్చింది, పనివాళ్లు ఊళ్లకు పోయారు. పాలిష్ మెషిన్ మీద ఇంకొకరి రాళ్లు నడుస్తున్నాయి. ఇరవై రెండింటిలో ఒక్కటీ బయటికి రాలేదు. ఆమె వారం వారం రాసేది, అంతా అనుకున్నట్టే నడుస్తోందా అని. “నడస్తా ఉందని రాయమ్మా” అనేవాడు ఓనరు. నడుస్తోందని రాసేదాన్ని. ప్రతి ఉదయం ఆఫీసుకు పండక్కి పోయినట్టు పోయేదాన్ని. ఆయన మెడ చుట్టూ తాడు రోజుకొక వరస బిగుస్తున్నట్టు కనిపించేది, కడుపు చల్లబడేది. మధ్యలో ఒకసారి మా అమ్మ నా ముఖం చూసి, “ఏమే, ఇంత కళగా ఉండావు, మళ్లా ఏమన్నా సంబంధం వచ్చిందా?” అంది.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. జూలైలో నేను రెండు ముక్కలు రాసి ఉంటే ఆమె రాళ్లను ఇంకో చోట చేయించుకుని ఉండేది. అప్పటికి ఇంకా టైముంది. నాకది తెలుసు. రాయలేదు. ఆమె నాకేమీ చెడు చేయలేదు. ఆమె గురించి ఆలోచించనే లేదు, అదీ నిజం. నా కళ్ల ముందు ఉన్నది ఓనరు ఒక్కడే.

సెప్టెంబరు రెండో వారానికి నాలుగు రాళ్లు తయారయ్యాయి. కంటైనర్ పోలేదు. ఆమె ఫోన్ చేసింది, ఓనరు తీయలేదు. మళ్లీ చేసింది. మరుసటి రోజు పొద్దున ఆయన పూజ చేసి, పటాల ముందు దీపం వెలిగించి, నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. అంతవరకు నా టేబుల్ దగ్గరికి ఆయన రావడం ఎరగను, నేనే లోపలికి పోయేదాన్ని.

“అమ్మా, ఒక పని చెయ్యి. నేను చూస్తామని చెప్పింటే, నువ్వు జర్మన్‌లో తప్పుగా చెప్పినావని రాసేయి. నీకేం పోతాది? చిన్నపిల్లవని ఊరకుంటాది ఆమె.”

నేను కీబోర్డును పక్కకు నెట్టాను.

“ఈ తూరి నిన్నే పంపిస్తానమ్మా జర్మనీకి. దీపం ముందర చెప్తా ఉండా.”

పాలిష్ పట్టే ఆడవాళ్లు ఇద్దరు టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయారు. నేను లేచాను. “లేదు,” అన్నాను.

ఆయన అర్థం కానట్టు చూశాడు. దీపం వెలుగుతుండగా ఆ గదిలో ఆ మాట ఎవరూ అనలేదు మరి. ఇంకోసారి అన్నాను. “లేదన్నా. రాయను. నేను తప్పుగా చెప్పలేదు. లేదు, లేదు, లేదు.” నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. ఆయన ముఖం నల్లబడింది. “నోట్లో నుంచి ఆ మాట రానీయకమ్మా పొద్దున్నే” అని రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఆ క్షణం కోసం ఇంకో రెండేళ్లు ఆదివారాలు బస్సెక్కమన్నా ఎక్కుతాను.

ఆ సాయంత్రానికే నన్ను తీసేశాడు. తర్వాత ఆ జర్మన్ యార్డు ఆయనతో వ్యాపారం మానేసింది. వాళ్లను చూసి ఇంకో యార్డు కూడా మానేసింది. ఆ పిల్ల నోరే నన్ను ముంచేసిందని కృష్ణగిరి బజారంతా చెప్పుకు తిరిగాడు. చెప్పుకోనీ. చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవ.

ఉద్యోగం పోయిన రెండు రోజులకు దొరసానమ్మ నా సొంత ఫోన్‌కు చేసింది. “మీరు తప్పుగా అనువదించారని ఆయన ఎవరితోనో ఇంగ్లీషులో రాయించి పంపాడు. నిజమేనా?”

“కాదు. ఆయన అన్నదే చెప్పాను.”

“ఆయన చేయలేడని మీకు అప్పుడు తెలుసా?”

ఈ ప్రశ్న నేను ఊహించలేదు. చెప్పొద్దూ, ఓనరు మీద గెలిచిన సంబరంలో ఉన్నాను. ఆ సంబరంలోనే తెలుసు అన్నాను. ఎందుకు చేశానో కూడా చెప్పాను, ఆయుధపూజ, పాస్‌పోర్టు, మా నాన్న మార్కెట్, అన్నీ. ఆమె చివరిదాకా విన్నది.

“మీ కోపం నాకు అర్థమైంది. కానీ త్సూజాగె అన్న నోరు మీది. ఆయనకు ఆ మాట తెలియదు, మీకు తెలుసు. మిమ్మల్ని నమ్మి నేను ఇరవై రెండు ఇళ్లకు మాటిచ్చాను,” అని పెట్టేసింది.

నాకు ఒళ్లు మండింది. నన్ను మోసం చేసినవాడిని వదిలేసి నన్నంటుందేమిటి అని రెండు నెలలు ఆమెను కూడా తిట్టుకున్నాను.

నవంబరులో ఒక ఆదివారం సాయంత్రం, అత్తిముగంలో తోట గట్టు మీద కూర్చుని టమాటాలు ఏరుతున్నాను. వీడియో కాల్ వచ్చింది, ఆమె నంబరు. అక్కడ మధ్యాహ్నం. ఎత్తగానే ఆమె ముఖం కాకుండా తడిసిన ఆకులు, నల్లటి చెట్లు, వరసగా సమాధులు కనిపించాయి. రెండేళ్లు కలగన్న జర్మనీని నేను మొదటిసారి చూసింది అలాగే. రాళ్లున్న సమాధుల మధ్య ఒక దానికి రాయి లేదు. మట్టిలో ఒక చెక్క శిలువ గుచ్చి ఉంది, వానకు ఒక పక్కకు ఒరిగింది. పక్కన ఒక ముసలాయన టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఈమే, మాట ఇచ్చిన అమ్మాయి,” అని ఆయనకు చెప్పి, ఫోన్ ఆయన చేతికిచ్చింది.

తిడతాడనుకున్నాను. తిడితే తిరిగి అనడానికి నా దగ్గర చాలా ఉంది. ఆయన తల కొంచెం వంచి నమస్కారం చెప్పాడు. అంత దూరం నుంచి తన భార్య కోసం శ్రమ పడుతున్నందుకు కృతజ్ఞతలన్నాడు. నల్లరాయి ఆమే ఎంచుకుందట, ఆసుపత్రి మంచం మీద ఉండగా. ఏప్రిల్‌లో ఆమె పుట్టినరోజు, అప్పటికైనా వస్తుందా అని అడిగాడు.

కంటైనర్ ఎక్కడుందో నాకు తెలియదు. అసలు బయల్దేరిందో లేదో కూడా తెలియదు. ఆయనకు ఏం చెప్పాలన్నా నా దగ్గర భాష ఉంది, వ్యాకరణం ఉంది, సర్టిఫికెట్టు కూడా ఉంది. ‘ఇష్ వైస్ ఎస్ నిష్ట్’ అన్నాను. నాకు తెలియదు. క్షమించండి అని కూడా అన్నాను. ఓనరు మీద నాకు ఆ రోజూ జాలి కలగలేదు, ఇప్పుడూ లేదు. ఆ ముసలాయన “ఫర్వాలేదమ్మా” అన్నట్టు చెయ్యి ఊపి ఒరిగిన శిలువను సరిచేయబోతుంటే, నేనేం చేశానో నాకు అప్పుడు తెలిసింది.

దొరసానమ్మ ఫోన్ తిరిగి తీసుకుంది. అయిపోయిందనుకుని బొటనవేలు ఎర్ర బొత్తాం దగ్గర పెట్టాను.

“పెట్టేయకండి. ఈ పూట ఇక్కడికి ఇంకా నలుగురు వచ్చారు. వాళ్లక్కూడా మీరే చెప్పాలి,” అంది, నడుస్తూ.

ఆమె బూట్ల కింద ఆకుల చప్పుడు వింటూ నేను ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాను.